మూత వెనుక గీతలు

వాచీ వెనుక మూత ఊడదీసి, వాచీలు బాగుచేసే పెద్దాయన దాన్ని నా అరచేతిలో వెల్లకిలా పెట్టారు. కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి నాకిస్తూ, "మెషిన్ తర్వాత చూద్దువుగాని, ముందు ఇది చూడమ్మా" అన్నారు. రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్ద ఉక్కు రేకు. లోపలి వైపు సూదిమొనతో గీసిన అంకెలు, అక్షరాలు. ఒకచోట 12-6-68. దాని పక్కన ఎవరివో పొడి అక్షరాలు. ఇంకొంచెం తిప్పితే 71, 74. ఒకచోట తెలుగులో 'ర' అని ఒకే ఒక్క అక్షరం, దాని కింద అడ్డగీత. కొన్ని తలకిందులుగా ఉన్నాయి. ముందువాళ్ళు గీసినదాన్ని చెరపకుండా, ఖాళీ ఎటువైపు ఉంటే అటువైపు రేకు తిప్పి గీశారన్నమాట. లెక్కపెట్టాను, పదకొండు. చివరిది 94.

వాచీ బాగుచేసినప్పుడల్లా మూత లోపల తేదీ, తన గుర్తు గీసిపెట్టడం పాతకాలం రిపేరర్ల అలవాటట. అదే వాచీ మళ్ళీ తన దగ్గరికి వస్తే, ఎప్పుడు చేశాడో తెలియడానికి. కట్టుకునేవాళ్ళ కోసం గీసింది కాదు అది. వాళ్ళు మూత తీసి చూడరు కదా. మా తాతయ్య పదిహేడేళ్ళు, ఆ తర్వాత మా నాన్న పదిహేనేళ్ళు కట్టుకున్న వాచీ ఇది. లోపల ఇలాంటి చిట్టా ఒకటి ఉందని నాన్నకు ఫోనులో చెబితే, "అవునా" అని చాలాసేపు మాట్లాడలేదు.

వాచీ ఫేవర్ లూబా, స్విస్ కంపెనీది. ఫ్రెంచి వాళ్ళ ఉచ్చారణ వేరుగాని మా ఇంట్లో, మా ఊళ్ళో ఆ పేరు ఇలాగే పలికింది, నేనూ ఇలాగే రాస్తాను. సీ చీఫ్ అనే మోడల్, రోజూ కీ ఇచ్చుకోవాల్సిన రకం. బంగారు పూత బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర అరిగిపోయి కింద ఇత్తడి కనిపిస్తుంది. డయలు మీద కంపెనీ పేరు, దానికింద జెనీవా, ఇసుక గడియారం గుర్తు. 1964లో మా నానమ్మ పెళ్ళికి ముందు అనుకున్న మాటల్లో సైకిలు, ఉంగరం, వాచీ ఉన్నాయి. వాచీ అంటే ఏదో ఒకటి కాదు, ఫేవర్ లూబాయే కావాలని పెళ్ళికొడుకు తరఫు పెద్దలు పేరు పెట్టి అడిగారట. విదేశీ వస్తువుల దిగుమతి మీద గట్టి ఆంక్షలున్న రోజులవి. బెంగుళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలై మూడేళ్ళే అయింది. నానమ్మ వాళ్ళ నాన్న ఆ ఏటి మిరపకాయలు గుంటూరులో అమ్మి, ఆ డబ్బుతో బెజవాడ వెళ్ళి వాచీ కొనుక్కొచ్చారు.

1996లో నాన్న చేతిలోంచి జారి గచ్చు మీద పడి అది ఆగిపోయింది. అప్పట్లో చూపించిన దుకాణంలో లోపలి ముక్క దొరకదన్నారు. నాన్న ఒక బ్యాటరీ వాచీ కొనుక్కున్నారు, ఇది బీరువాలో పాత బంగారపు రసీదుల మధ్యకు చేరింది. దాన్ని పోయిన చలికాలం నేను బయటికి తీసినప్పటి నుంచి మా ఇంట్లో ఒక తగవు నడుస్తోంది. ఆ తగవులో నా పక్షమేమిటో కుదురుగా చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, దీనికి కొత్తగా బంగారు పూత పోయించి, కొత్త డయలు వేయించి తాతయ్య ఫోటో పక్కన అద్దాల పెట్టెలో పెడదామంటాడు. పాత వాచీలు సేకరించే నా స్నేహితుడొకడు దాన్ని అర నిమిషం చూసి, "ఇప్పటికే ఎవరో డయలు మార్చి రాయించారు, దీనికి విలువ లేదు" అని తిరిగి ఇచ్చేశాడు. వీళ్ళిద్దరూ కాక మూడో గొంతు ఒకటుంది. అది కంపెనీ పేరుతోపాటు ఎక్కడ చూసినా కనిపించే 1737 అనే సంవత్సరం. దాదాపు మూడు వందల ఏళ్ళ వారసత్వం అంటుంది ఆ అంకె. ఒకరికి మెరుపు ముఖ్యం, ఒకరికి ముట్టుకోనితనం ముఖ్యం, ఆ మూడో గొంతుకు వయసు ముఖ్యం. ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది. వాచీ వారసత్వం దాన్ని తెరిచి, శుభ్రం చేసి, మళ్ళీ నడిపించిన చేతుల వరుసలో ఉందని నేను నమ్ముతున్నాను. ఆ వరుస ఎక్కడ తెగితే అక్కడ వారసత్వం ఆగిపోతుంది, పేరు ఎంతకాలం బతికున్నా సరే.

ముందు ఆ సంవత్సరం సంగతి. 1737 అంకె అబద్ధం కాదు. ఆ ఏడాది ఒక అధికారిక పత్రంలో అబ్రహం ఫేవర్ అనే గడియారాల పనివాడి పేరు కనిపిస్తుంది. ఊరు ల లోక్ల్, ఇప్పటి స్విట్జర్లాండు, ఫ్రాన్సుల సరిహద్దులోని జూరా కొండల్లో సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో. అంటే కంపెనీ తన పుట్టుకకు ఆధారంగా చూపేది కూడా ఎవరో గుమస్తా ఎందుకో రాసిపెట్టిన ఒక నమోదే. నా చేతిలోని మూత మీదున్న 12-6-68కీ దానికీ జాతిలో తేడా లేదు. ఒక మనిషి ఫలానా రోజున ఫలానా పనిలో ఉన్నాడని రెండూ చెబుతాయి.

ఆ ఊరి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే 'స్విస్' అనే మాటను మనం కొండలా కదలని వస్తువుగా చూస్తాం. అబ్రహం ఫేవర్ పని చేస్తున్న నాటికి ల లోక్ల్ స్విట్జర్లాండులో లేనే లేదు. ఆ ప్రాంతం, నషాటెల్, 1707 నుంచి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు ఏలుబడిలో ఉన్న సంస్థానం. స్విస్ సమాఖ్యలో చేరింది 1815లో. ఫేవర్ కుటుంబం లూబా అనే వర్తకుడితో చేయి కలిపి జంట పేరు పెట్టుకున్నదీ ఆ ఏడాదే. అక్కడి నేల మీద పెద్దగా పంటలు పండవు. నెలల తరబడి మంచు. పశువులు మేపుకునే రైతులు చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని గడియారాల ముక్కలు చేసేవారు. ఒకరు పళ్ళ చక్రాలు, ఒకరు ముళ్ళు, ఒకరు డయళ్ళు. వర్తకుడు వచ్చి అవన్నీ పోగుచేసి, కూర్పు చేయించి అమ్మేవాడు. పక్క ఊరు ల షో-ద-ఫాన్ 1794లో అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోతే, తర్వాత ఆ ఊరిని తిన్నని వీధులతో, పనిబల్లల మీద వెలుతురు పడేలా కట్టుకున్నారు. ఊరు మొత్తం ఒకే గడియారాల కర్మాగారంలా ఉందని కార్ల్ మార్క్స్ గుర్తించి రాశాడు.

నాకు ఆ వర్ణన చదివినప్పుడు మంగళగిరి మగ్గాలు, పెడన కలంకారీ ఇళ్ళు గుర్తొచ్చాయి. ఒక వీధిలో అద్దకం, ఇంకో వీధిలో ఉతుకు, పై నుంచి వచ్చి కొనుక్కుపోయే షావుకారు. పేరు షావుకారుదే అవుతుంది. ఫేవర్ లూబా తొలి రోజుల్లో సొంత పనివాళ్ళు ఉండనే ఉన్నారు, నేను కాదనడం లేదు. కానీ ఒక స్విస్ వాచీ మీద ఒకే పేరు ఉన్నంత మాత్రాన దాని వెనుక ఒకే ఇల్లు ఉందనుకోవడం ఆ ఊళ్ళ చరిత్రకే విరుద్ధం. చాలా స్విస్ కంపెనీలు లోపలి మెషిన్ ఒకరి దగ్గర, కేసు ఒకరి దగ్గర, డయలు మరొకరి దగ్గర కొని వాచీలు కూర్చాయి. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. అదే వాళ్ళ బలం.

ఆ బలంతోనే వాళ్ళు దూరదేశాలకు వెళ్ళారు. ఫేవర్ లూబా 1865లో బొంబాయికి వచ్చింది. మన దేశంలో ఇంత ముందుగా అడుగుపెట్టిన స్విస్ వాచీ కంపెనీలు అరుదు. తర్వాతి వంద సంవత్సరాల్లో ఆ పేరు ఎంత లోతుగా దిగిందంటే, బొంబాయి చూడని, జెనీవా ఎక్కడుందో తెలియని పల్నాటి పెద్దమనుషులు పెళ్ళిమాటల్లో ఆ వాచీని పేరు పెట్టి అడిగారు. ఆ సంగతి తలచుకుంటే నాకు గర్వమూ కలుగుతుంది, కడుపులో మంటా పుడుతుంది. ఒక రైతు ఏడాది కష్టాన్ని అల్లుడి మణికట్టు మీదికి ఎక్కించిన పేరు అది. కంపెనీల చరిత్రల్లో పర్వతారోహకులు ఉంటారు, సముద్రంలో మునిగినవాళ్ళు ఉంటారు. మిరపకాయలు అమ్మినవాళ్ళు ఉండరు.

పర్వతాల మాట వచ్చింది కాబట్టి, ఆ కంపెనీ గొప్పతనాన్నీ మనసారా చెబుతాను. 1950లలో వాళ్ళు సొంతంగా మెషిన్లు తయారు చేయడం మొదలుపెట్టారు. 1962లో బివాక్ అనే వాచీ తెచ్చారు. సన్నని లోహపు డబ్బీలోంచి గాలి తీసేసి మూస్తే, పైకి వెళ్ళేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి ఆ డబ్బీ కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ముల్లు కదలికగా మార్చి ఎత్తును చూపించారు, అదీ మణికట్టు మీద, బ్యాటరీ లేకుండా. 1968లో బాథీ అనే వాచీలో నీటి ఒత్తిడితో లోతు చూపించారు. ఎవరెస్టు ఎక్కిన తొలి మహిళ జుంకో తాబే 1975లో తమ వాచీ కట్టుకుందని కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. వేలెడంత జాగాలో అలాంటి పని చేసినవాళ్ళ బుద్ధికి నేను చేతులెత్తి మొక్కుతాను.

అయితే అంత చేసినవాళ్ళకూ ఏమైంది? 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో తొలి క్వార్ట్జ్, అంటే బ్యాటరీతో స్ఫటికం కంపించి నడిచే, చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. నా వాచీలో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. తర్వాత వాడుకలో స్థిరపడిన క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఖచ్చితత్వంలో పోటీయే లేదు, ఖరీదు కూడా ఏటేటా పడిపోయింది. 1970 ప్రాంతంలో స్విస్ గడియారాల పరిశ్రమలో తొంభై వేల మంది ఉండేవారు. 1980ల మధ్యకు వచ్చేసరికి ముప్పై వేల చిల్లర మిగిలారు. ఫేవర్ కుటుంబం చేతిలోంచి కంపెనీ ఆ దశాబ్దంలోనే జారిపోయింది. ఆ తర్వాత పేరు చేతులు మారుతూ పోయింది. 2011లో దాన్ని కొన్నది మన టైటన్. క్వార్ట్జ్ వాచీలతో ఎదిగిన హోసూరు కంపెనీ, ఒకప్పుడు ఇక్కడి పెళ్ళికొడుకులు కోరుకున్న స్విస్ పేరుకు యజమాని అయింది. 2023లో టైటన్ దగ్గర నుంచి ఆ పేరు మళ్ళీ మరో చేతికి వెళ్ళింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కొత్తగా ఆ పేరుతో వస్తున్న వాచీలు మంచివే కావచ్చు, వాటిని చేస్తున్నవాళ్ళు శ్రద్ధగలవాళ్ళే కావచ్చు. నా అభ్యంతరం ఒక్కటే. పేరును కొనవచ్చు, పాత బొమ్మలు, కాగితాలు కొనవచ్చు. కానీ మూడు శతాబ్దాల కొనసాగింపును కొనడం కుదరదు. ఇది ఒక్క ఫేవర్ లూబాకే చెందిన విషయమూ కాదు. 1735 సంవత్సరంతో దీనికన్నా పాతదైన బ్లాంపేన్ అనే స్విస్ వాచీ కంపెనీ కూడా మధ్యలో నిద్రపోయి, 1980ల తొలినాళ్ళలో కొత్త యజమానుల చేతుల్లో లేచింది. ఆగకుండా పని చేస్తూ వచ్చినవాటిలో పాతది ఏదంటే 1755 నాటి వాషెరాన్ కాన్‌స్టాంటిన్ పేరు చెబుతారు. అంటే 'పాతది' వేరు, 'ఆగనిది' వేరు. డయలు మీద అచ్చువేసే సంవత్సరం ఈ తేడాను చెప్పదు.

ఇక పని దగ్గరికి వస్తాను. నేను రాయాలనుకున్నది అసలు దీని గురించే.

ఖమ్మంలో ఆ పెద్దాయన దుకాణం రెండు గజాల వెడల్పు కూడా ఉండదు. టేకు బల్ల, దానికి మూడు వైపులా అంచు, ముక్కలు కింద పడకుండా. గాజు మూతల కింద రోజువారీ పని. ఆయన నా కళ్ళ ముందే మెషిన్ విప్పారు. ఒక్కో మర తీసి, దాని జాగాను పోలిన జాగాలో తెల్లకాగితం మీద పెట్టారు. డ్రమ్ములో చుట్టుకుని ఉన్న మెయిన్ స్ప్రింగ్ వాచీకి ప్రాణం. కీ ఇస్తే మనం శక్తి దాచేది అందులోనే. అది ఒక్కసారిగా విప్పుకోకుండా చక్రాల వరుస ఆపుతుంది, ఆ వరుసను లివరు ఒక్కో పన్ను చొప్పున వదులుతుంది, ఆ లివరుకు లయ కుదిర్చేది ఊగే బ్యాలెన్స్ చక్రం. రోజుకు 4,32,000 దెబ్బలు. రాపిడి పడేచోట్ల 17 రాళ్ళు, కృత్రిమ కెంపులు, వాటి గుంటల్లో కంటికి ఆనని నూనె చుక్కలు. ఆ నూనె మూడు నాలుగేళ్ళకు చిక్కబడుతుంది, దుమ్ముతో కలిసి బంకవుతుంది. అప్పుడు విప్పి, కడిగి, మళ్ళీ నూనె పెట్టాలి. లేకపోతే ఇరుసులు అరిగిపోతాయి. అంటే ఈ వస్తువు తయారైననాడే, తనను ఎవరో పరాయివాళ్ళు మళ్ళీ మళ్ళీ తెరుస్తారని నమ్మి తయారైంది. మరలతో బిగించింది అందుకే. పదకొండు గీతలు ఆ నమ్మకానికి మన ఊళ్ళు ఇచ్చిన జవాబు.

నాది విరిగింది బ్యాలెన్స్ స్టాఫ్. ఆ చక్రం ఊగే ఇరుసు. దాని మొనలు తలవెంట్రుక అంత సన్నం, గచ్చు మీద పడితే ముందు పోయేది అదే. ఆయన కింద నుంచి ఒక బిస్కట్ల డబ్బా తీశారు. అందులో నలభై యాభై చనిపోయిన వాచీలు. తుప్పు పట్టి, అద్దం పగిలి, ముళ్ళు లేకుండా. వాటిలో ఒక సీ చీఫ్ వెతికి, దాని బ్యాలెన్స్‌ను స్ప్రింగుతో సహా తీసి నా వాచీలో పెట్టారు. ఊది చూశారు. ఊగింది. ముప్పై ఏళ్ళ తర్వాత అది టిక్కుమనడం విని నేను ఏడ్చాను, రాయడానికి నాకేమీ మొహమాటం లేదు.

అప్పుడాయన ఒక మాట చెప్పారు. "సొంత మెషిన్ అని గొప్పగా చెబుతారమ్మా. మాకు మాత్రం నలుగురు వాడిన మెషినే మంచిది. పది కంపెనీల వాచీల్లో ఒకటే మెషిన్ ఉంటే, ఒకటి పోయినా తొమ్మిదింటి ముక్కలు దొరుకుతాయి." సేకరించేవాళ్ళ లోకంలో దీనికి పూర్తిగా ఎదురు మాట వినిపిస్తుంది. కంపెనీ తానే తయారు చేసుకున్న మెషిన్ అంటే వాళ్ళకు గౌరవం, బయట కొన్నదంటే చిన్నచూపు. నేనూ మొదట అలాగే అనుకున్నాను, నా సీ చీఫ్‌లో ఫేవర్ లూబా సొంత మెషిన్ ఉందని తెలిసి మురిసిపోయాను. కానీ 1996లో ముక్క దొరక్క ఇది బీరువాలోకి వెళ్ళింది ఆ సొంతదనం వల్లనే. కంపెనీ మూతపడితే దాని సొంత మెషిన్ అనాథ అవుతుంది. ఊరందరి మెషిన్‌కు ఊరంతా దిక్కు. ఆయన డబ్బాలో నా వాచీకి తోబుట్టువు దొరకడం అదృష్టం, అంతే.

ఇప్పుడు చాలా పెద్ద స్విస్ బ్రాండ్లు విడిభాగాలను తమ అధీకృత కేంద్రాలకు తప్ప బయట రిపేరర్లకు ఇవ్వడం లేదు. నాణ్యత కోసమంటారు. నైపుణ్యం లేనివాళ్ళ చేతిలో వాచీలు పాడవుతాయన్నది నిజమే, అలాంటివి నేనూ చూశాను. అయినా ఈ పద్ధతి వారసత్వాన్ని కాపాడుతుందంటే ఒప్పుకోను. తన వస్తువును తానే తప్ప మరొకరు బతికించకూడదని తలుపు వేసుకున్న కంపెనీ, తాను పోయిననాడు దాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. ఫేవర్ లూబా కుటుంబం చెదిరిపోయాక కూడా వాళ్ళ వాచీలు ఖమ్మంలో, తెనాలిలో, కర్నూలులో టిక్కుమంటున్నాయంటే, ముక్కలు బజారులో దొరికాయి కాబట్టి, నేర్చినవాడు ఎవరైనా విప్పగలిగాడు కాబట్టి. 2020లో యునెస్కో స్విట్జర్లాండు, ఫ్రాన్సుల జూరా ప్రాంతపు యాంత్రిక గడియారాల పనితనాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందు, 2009లో, ల లోక్ల్, ల షో-ద-ఫాన్ ఊళ్ళను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. గమనించండి, 2020లో చేర్చింది చేతుల్లోని విద్యను. బ్రాండు పేర్లను కాదు. ఆ విద్యలో ఒక పాయ ఖమ్మం టేకుబల్ల దాకా ప్రవహించిందని నేనంటాను. పెద్దాయన కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఈ బల్ల మీద ఆయన తర్వాత కూర్చునేవాళ్ళు లేరు.

డయలు సంగతి మిగిలింది. సేకరించే స్నేహితుడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అడుగున ఆరు అంకె కింద ఉండాల్సిన 'స్విస్' అనే చిన్న అక్షరాలు లేవు. నిమిషాల గీతలు చుట్టూ ఉన్న వలయాన్ని కొన్నిచోట్ల తాకవు. జెనీవా అన్న మాట ఒక పక్కకు ఒరిగింది. పాత రంగు గీకి, కొత్త రంగు పోసి, మళ్ళీ అక్షరాలు అచ్చువేసిన డయలు. ఇంటర్నెట్టులో మన దేశం నుంచి అమ్మకానికి వచ్చే పాత స్విస్ వాచీల్లో ఇలాంటివి కొల్లలు. నీలం, ఎరుపు, కంపెనీ కలలో కూడా వేయని రంగులు. నాలుగు వాచీల ముక్కలు కలిపి ఒకటి చేసి, అసలుదని, వాడనిదని రాసి అమ్ముతారు. అది మోసం. దాన్ని మోసమనే పిలవాలి, కళ అనో, మన జుగాడు తెలివి అనో సమర్థించకూడదు. దానివల్ల నిజాయితీగా పని చేసే రిపేరర్ల పేరు కూడా చెడుతోంది.

మరి మా డయలు? నాన్నకు గుర్తు లేదు. నానమ్మకు ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ ఆ వాచీని తిప్పి చూసి, "ఇది మీ తాత హైదరాబాదు పంపించి రాయించింది" అన్నారు. 1981లో నాన్నకు కాలేజీలో సీటు వచ్చింది. చేరడానికి వెళ్ళే కొడుకు చేతికి వాచీ ఉండాలి. కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్నదాని డయలు అప్పటికి చెమ్మ తగిలి మచ్చలు పడింది. బడిపంతులు జీతంలోంచి మిగిల్చి, దానికి కొత్త ముఖం వేయించి కొడుకుకు కట్టారు. ఆ తర్వాత తాతయ్య మళ్ళీ వాచీ కట్టుకోలేదట. రేడియోలో వార్తలను బట్టి బడిగంట కొట్టించేవారట.

ఇది విన్నాక నా వాదంలో ఒక భాగం నేనే సవరించుకోవాల్సి వచ్చింది. తిరగరాసిన డయలు ప్రతిదీ పాపమే అని నేనూ అనుకుంటూ వచ్చాను. కానీ తాతయ్య ఎవరినీ నమ్మించడానికి ఆ పని చేయలేదు. ఇంటి గోడలకు పండక్కి సున్నం వేసినట్టు వేయించారు. తప్పు రంగు వేయడంలో లేదు, వేసిన సంగతి దాచి అమ్మడంలో ఉంది. ఇదే కొలతతో చూస్తే బ్యాలెన్స్ మార్చిన నా పెద్దాయన పనీ నిలుస్తుంది, రంగు వాచీలు అమ్మేవాళ్ళ పని నిలవదు. సేకరించే స్నేహితుడు దీనికి ఒప్పుకోడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితే ప్రమాణమంటాడు. ఆ ప్రమాణం మ్యూజియంలకు సరిపోతుందేమో. ముప్పై వేసవుల చెమటను, ఒక ఇరుకు సంసారాన్ని దాటుకుంటూ వచ్చిన వాచీకి ఆ ప్రమాణం పెట్టడం, కడదాకా మట్టిలో పని చేసిన మనిషి చేతులకు మచ్చలున్నాయని తప్పుపట్టడం లాంటిది.

అన్నయ్య కోరిక కూడా ఇక్కడే వీగిపోతుంది. కొత్త డయలు వేయిస్తే కంపెనీ డయలు తిరిగి రాదు, తాతయ్య వేయించింది పోతుంది. కొత్త పూత పోయాలంటే ముందు కేసును సానబట్టాలి, కొమ్ముల అంచులు గుండ్రమవుతాయి, తాతయ్య మణికట్టు ఒరిపిడికి అరిగినచోటు మాయమవుతుంది. అద్దాల పెట్టెలో పెడితే మూడేళ్ళలో నూనె బంకవుతుంది. ఇంటర్నెట్టులో చూసిన మెరుపు వాచీల ఫోటోలు నాకు పంపుతూ వాడు ఇప్పటికీ అడుగుతున్నాడు. నేను కాదంటూనే ఉన్నాను. ఇందులో మాత్రం మెత్తబడే ఉద్దేశం లేదు.

ఇప్పుడది రోజుకు నాలుగైదు నిమిషాలు వెనకబడుతోంది. తెచ్చిపెట్టిన బ్యాలెన్స్ కూడా అరిగినదే కదా. ఇంతకన్నా సరిచేయాలంటే ఇంకో సీ చీఫ్ దొరకాలని పెద్దాయన అన్నారు, చూస్తూ ఉంటానన్నారు. నాకు తొందర లేదు. రోజూ పొద్దున కాఫీ కలిపే ముందు కీ ఇచ్చి, ఫోను చూసి ముళ్ళు సరిచేసుకుంటున్నాను.

ఇంకొకటి చేశాను. ఒక చిన్న కాగితం మీద ఇది రాసి వాచీ పెట్టెలో పెట్టాను: డయలు 1981లో తిరగరాయించినది. బ్యాలెన్స్ మరో సీ చీఫ్ నుంచి ఖమ్మంలో వేసినది. కీ గుండీ అసలుది కాదు. అద్దం కొత్తది. రేపు ఇది ఎవరి చేతికి వెళ్ళినా, అమ్ముకున్నా, ఈ కాగితం వెంట వెళ్ళాలని అడుగున రాశాను. నానమ్మకు చదివి వినిపించాను. ఆవిడ శ్రద్ధగా విని, కాగితం తన చేతిలోకి తీసుకుని, పైన ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టారు.

"మా నాన్న మిరపకాయలు అమ్మి కొన్నాడని ఇక్కడ రాయి. పేరు కూడా రాయి" అన్నారు.

రాశాను.